సబ్జెక్టివ్ అంటే ఎవరిష్టం వాళ్లదనా?

మాటల మీద పాఠకుల ప్రశ్నలు, గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ తెలుగు లెక్చరర్ జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ మూడో సంవత్సరం. కూర ఎలా ఉందిరా అంటే "అది సబ్జెక్టివ్ మమ్మీ" అంటాడు. వాళ్ల నాన్న ఎవరినైనా మంచివాడంటే దానికీ అదే మాట. మొన్న మా అత్తగారిని ఆస్పత్రికి తీసుకెళ్తే కేసు షీటులో 'సబ్జెక్టివ్' అని రాసి, దాని కింద ఆవిడ చెప్పిన బాధలన్నీ రాశారు. పేపర్లో పీడీ యాక్ట్ వార్త చదివితే అక్కడ 'సబ్జెక్టివ్ సాటిస్‌ఫాక్షన్' అని ఉంది. ఇవన్నీ ఒకటేనా? తెలుగులో ఏమనాలి? (ఒక గృహిణి, తెనాలి)

జవాబు: ముందు మీ అబ్బాయి సంగతి. కూర బాగుందో లేదో చెప్పకుండా జారుకోవడానికి ఇంతకన్నా మర్యాదైన మాట దొరకదు. మా రోజుల్లో ఆ పనికి 'పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి' ఉండేది. కాకపోతే ఆ సామెత చెప్పిన నోటితోనే 'ఉప్పు వెయ్యడం మర్చిపోయావ్' అని కూడా అనేవాళ్లం. ఉప్పు పడిందా లేదా అన్నది నాలుకను బట్టి మారదుగా.

మీరు చెప్పిన మూడు చోట్లా మాట ఒకటే, చేసే పని వేరు. ఇందులో కేసు షీటు నాకు బాగా తెలుసు, నా మోకాలి పుణ్యమా అని. పోయినేడాది ఒక ఆస్పత్రికి వెళ్తే మా అమ్మాయి వయసు డాక్టరమ్మ "నొప్పి పదికి ఎంతమ్మా?" అని అడిగింది. ముప్పై రెండేళ్లు పిల్లలకి మార్కులు వేశాను గానీ మోకాలికి ఎప్పుడూ వేయలేదు. "నిన్న ఆరు, ఇవాళ మీ మెట్లెక్కాక ఎనిమిది" అన్నాను. నవ్వకుండా ఎనిమిది అనే రాసుకుంది. అది సబ్జెక్టివ్ కింద. దాని కింద ఆబ్జెక్టివ్ అని పెట్టి బీపీ, వాపు, కాలు ఎంతవరకు వంగుతోంది అన్నవి రాసింది. తర్వాత తన అంచనా, ఆ తర్వాత ఏం చేయాలన్నది. ఈ నాలుగు గళ్ల పద్ధతి 1960ల్లో అమెరికా వైద్యుడు లారెన్స్ వీడ్ ప్రచారంలోకి తెచ్చిన కేసు షీటు నుంచి వచ్చింది. సబ్జెక్టివ్, ఆబ్జెక్టివ్, అసెస్‌మెంట్, ప్లాన్ అన్న నాలుగు ఇంగ్లిషు మాటల మొదటి అక్షరాలు కలిపితే 'సోప్' అవుతుంది కాబట్టి వైద్య విద్యార్థులకు సులువుగా గుర్తుంటుంది.

నేను అక్కడ కూర్చుని ఉండగానే నర్సు వచ్చి పక్క మంచం మనిషి గురించి చెప్పింది: "రాత్రి నుంచి కడుపు నొప్పట. రెండు వాంతులయ్యాయట. జ్వరం నూటొకటి ఉంది." నాకు భలే ముచ్చటేసింది. ఎవరూ నేర్పకుండానే కేసు షీటును రెండు గళ్లుగా విడదీసేసింది. ఆయన చెప్పినదానికి 'అట', తను చూసినదానికి 'ఉంది'. వైద్యంలో సబ్జెక్టివ్ అంటే ఆ 'అట' గడి. రోగి చెబితే తప్ప తెలియనిది. అంతేగాని నమ్మడానికి వీల్లేనిది అని కాదు.

చిక్కంతా ఇక్కడే వస్తుంది. మన 'అట'లో కూడా కొంచెం వెటకారం పలుకుతుంది కదా, 'తలనొప్పట!' అని దీర్ఘం తీస్తే. నా ఎక్స్‌రే చూసిన పెద్ద డాక్టరుగారు "అంత అరుగుదల ఏమీ లేదమ్మా" అన్నారు, నా ఎనిమిదిలోంచి నాలుగు కోసేస్తున్నట్టు. మోకాళ్ల విషయంలో ఎక్స్‌రేకీ నొప్పికీ పొంతన కుదరకపోవడం చాలా మామూలు. ఫిల్ములో అరిగిపోయినట్టు కనిపించే మోకాళ్లతో హాయిగా నడిచేవాళ్లున్నారు, ఫిల్ము శుభ్రంగా ఉన్నా మెట్లు దిగలేనివాళ్లూ ఉన్నారు. నొప్పి మీద పరిశోధించేవాళ్ల అంతర్జాతీయ సంఘం 1979లో నొప్పికి నిర్వచనం రాసినప్పుడు, కింద వివరణలో 'నొప్పి ఎప్పుడూ సబ్జెక్టివే' అని పెట్టింది. 2020లో దాన్ని సవరించినప్పుడు ఆ మాట తీసేసి 'నొప్పి ఎప్పుడూ ఆ మనిషి సొంత అనుభవం' అన్న అర్థం వచ్చేలా రాశారు. నొప్పిగా ఉందని ఒకరు చెబితే ఆ మాటను గౌరవించాలని కూడా చేర్చారు. మాట ఎందుకు మార్చారో నేను ఊహించగలను. సబ్జెక్టివ్ అన్న మాట మీ అబ్బాయి లాంటివాళ్ల నోళ్లలో పడి 'పట్టించుకోనక్కర్లేదు' అన్న అర్థం తెచ్చుకుంది మరి.

జాన్ సెర్ల్ అనే అమెరికన్ తత్వవేత్త ఈ ముడిని విప్పాడు. ఒక వస్తువు ఉండే తీరు వేరు, దాని గురించి మనం చెప్పే మాట తీరు వేరు అంటాడు. నా మోకాలి నొప్పి నాలో తప్ప ఎక్కడా ఉండదు, ఆ లెక్కన అది సబ్జెక్టివ్. కానీ 'ఈమెకు మోకాలు నొప్పిగా ఉంది' అన్న మాట నిజమో అబద్ధమో అయి తీరాలి. నా ఇష్టాన్ని బట్టో డాక్టరుగారి ఇష్టాన్ని బట్టో అది మారదు. 'రవ్వట్టు కన్నా పెసరట్టు గొప్పది' అన్న మాట అలాంటిది కాదు (గుంటూరులో ఉండి ఈ మాట అన్నందుకు కూడా నాకు ఉత్తరాలు రావచ్చు).

గుంటూరు అన్నాక మిరపకాయ రాకుండా ఎలా? మా బావగారు చాలా ఏళ్లు మిర్చి యార్డులో వ్యాపారం చేశారు. కాయ తుంచి, వాసన చూసి, ఒకసారి తుమ్మి, ఇది ఘాటైన సరుకు అని తేల్చేసేవారు. అది ఆయన ముక్కు తీర్పు. 1912లో అమెరికాలో విల్బర్ స్కోవిల్ అనే ఫార్మసిస్టు కొలిచిందీ నోటితోనే. మిరప సారాన్ని పంచదార నీళ్లలో పలచన చేస్తూ కొందరి చేత రుచి చూపించాడు. ఇక కారం తెలియడం లేదు అనేదాకా ఎన్ని రెట్లు పలచన చేయాల్సి వస్తే అన్ని యూనిట్లు. ఇప్పుడు నాలుకలు అక్కర్లేదు, కారానికి కారణమైన క్యాప్సైసిన్ లాంటి పదార్థాలు ఎంతున్నాయో యంత్రం చెప్పేస్తుంది. కానీ చివరికి ఆ అంకెను మళ్లీ స్కోవిల్ యూనిట్లలోకే మారుస్తారు. స్వచ్ఛమైన క్యాప్సైసిన్ 1 కోటి 60 లక్షల యూనిట్లు. యంత్రం చెప్పిన లెక్క అని మనం అనుకునేదాని అడుగున వందేళ్ల నాటి నాలుకలున్నాయన్నమాట. మరి కారం కాయలో ఉందా, నోట్లో ఉందా? మా పెరట్లో పండుమిరపకాయలను చిలకలు జామపండ్లు తిన్నట్టు తిని పోతాయి. మన నోట్లో వేడి తగిలితే తెరుచుకునే ఒక ద్వారం ఉంది, క్యాప్సైసిన్ దాన్నే తెరుస్తుంది. దాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది కూడా. పక్షుల్లో ఆ ద్వారం క్యాప్సైసిన్‌కు తెరుచుకోదు. కాబట్టి కారం తినేవాడిని బట్టే ఉంటుంది. అలాగని 'కారమనేది సబ్జెక్టివ్' అని మీ అబ్బాయి చేత పచ్చిమిరపకాయ నమిలించి చూడండి.

ఇక పీడీ యాక్ట్. ఇది 1986 నాటి చట్టం. ఫలానా నేరం చేశాడని రుజువు చేసి శిక్ష వేయడం కాదిది, బయట వదిలితే చేస్తాడని ముందే పట్టి లోపల ఉంచడం. అలా ఉంచాలంటే ఆ అధికారి 'సంతృప్తి' చెందాలి. చట్టాల తెలుగులో ఈ మాట చూసినప్పుడల్లా నాకు పెళ్లి భోజనం చేసి తేన్చే మనిషి గుర్తొస్తాడు. 'నమ్మకం కుదరాలి' అంటే సరిపోయేది. ఆ అధికారికి కుదిరిన నమ్మకమే సబ్జెక్టివ్ సాటిస్‌ఫాక్షన్. అదే నమ్మకం తమకూ కుదురుతుందా అని కోర్టులు మళ్లీ తూకం వేయవు. అసలు ముందు ఏవైనా ఆధారాలు ఉన్నాయా, వాటిని బుద్ధి పెట్టి చూశాడా, సంబంధం లేనివి పట్టుకుని రాశాడా అన్నది మాత్రం చూస్తాయి. లేకపోతే ఉత్తర్వు కొట్టేస్తాయి. అంటే ఇక్కడ సబ్జెక్టివ్ 'అట' కాదు, 'అనుకున్నాడు'. అనుభవం గొడవే లేదు, నిర్ణయం ఎవరి చేతిలో ఉందన్నదే గొడవ.

ఈ 'అనుకోవడం' ఎంత ప్రమాదమో 1941లో బ్రిటన్‌లో ఒక జడ్జి చెప్పారు. యుద్ధం రోజులు. శత్రువులతో సంబంధాలున్నాయని నమ్మడానికి తగిన కారణం ఉంటే మనిషిని నిర్బంధించవచ్చని హోం మంత్రికి అధికారం ఇచ్చారు. లివర్సిడ్జ్ అనే ఆయన్ని అలాగే పెట్టారు. తగిన కారణం ఉందని మంత్రి అనుకుంటే చాలని మిగతా జడ్జీలు అన్నారు. లార్డ్ ఆట్కిన్ ఒక్కడే అడ్డం తిరిగాడు. 'ఒకడికి చీలమండ విరిగి ఉంటే' అన్న మాటకు 'విరిగిందని వాడు అనుకుంటే' అని అర్థం రాదు, రాకూడదు అని రాశాడు. ఉంటే, అనుకుంటే. ఈ రెండు మాటల మధ్య ఒక మనిషి జైలు ఉంది. ఆ రోజు ఓడిపోయిన ఆట్కిన్ మాటే సరైనదని తర్వాతి కాలంలో అక్కడి పెద్ద జడ్జీలే ఒప్పుకున్నారు.

నేనూ చిన్నపాటి జడ్జినే లెండి, స్పాట్ వాల్యుయేషన్ క్యాంపుల్లో. ఒక వేసవి ఇంటర్ తెలుగు పేపర్లు దిద్దుతుంటే, ఆరు మార్కుల జవాబు ఒకటి గైడులో లేని మాటల్లో రాసి ఉంది. నేను మూడు వేశాను. పక్క టేబుల్ మాస్టారు చూసి "అమ్మా, వీడు పద్యం నిజంగా చదివాడు" అని ఐదు అన్నారు. చీఫ్ ఎగ్జామినర్ దగ్గరికి వెళ్లి ముగ్గురం కూర్చుని పైకి చదివాం. నాలుగున్నర దగ్గర ఆగాం. నేను తొందరపడ్డానని ఇప్పటికీ అనిపిస్తుంది. మేం వేసింది మనిషి తీర్పే, కానీ దాని గురించి మాట్లాడుకోవచ్చు, ఒకరి మాటతో ఒకరు మార్చుకోవచ్చు. వంకాయ ఇష్టమా కాదా అన్నదాన్ని అలా మాట్లాడి మార్చలేం. బిట్ పేపర్‌ను ఆబ్జెక్టివ్ అంటారు గానీ దిద్దడం వరకే అది నిజం. ఏ బిట్ ఇవ్వాలి, ఏది వదలాలి అన్నది ఎవరో ఒక మనిషి బుర్రలోంచే వచ్చింది కదా.

మీరు అడగకపోయినా మాట పుట్టుక గురించి కూడా రెండు ముక్కలు. లాటిన్‌లో దీనికి మూలార్థం 'కింద పడవేసినది'. టీవీలో మ్యూచువల్ ఫండ్ ప్రకటన చివర గబగబా 'మార్కెట్ రిస్కులకు లోబడి' అని చదువుతారు చూడండి, ఆ 'లోబడి'కి ఇంగ్లిషులో ఉన్న మాట ఇదే. రాజు కింద ఉన్న ప్రజలు సబ్జెక్టులు. బడిలో చర్చకు లోబడేది సబ్జెక్టు. 'వాడి దగ్గర సబ్జెక్టుందిరా' అనేది మాత్రం మన సొంత సృష్టి. ఇంకో తమాషా ఏమిటంటే, మధ్యయుగాల యూరప్ పండితుల భాషలో ఈ జంట మాటలు దాదాపు తలకిందులుగా ఉండేవి. వస్తువులో ఉన్నది సబ్జెక్టివ్, మనసుకు తోచింది ఆబ్జెక్టివ్. 1641లో ఫ్రెంచి తత్వవేత్త దెకార్త్ రాసినప్పుడు కూడా ఆబ్జెక్టివ్ అంటే ఆ పాత అర్థమే. ఇప్పటి అర్థాలు పద్దెనిమిదో శతాబ్దం చివర, జర్మన్ తత్వవేత్త కాంట్ తర్వాత కుదురుకున్నాయి.

తెలుగులో ఏమనాలంటారా? నిఘంటువులు ఆత్మాశ్రయం, వ్యక్తినిష్ఠం అంటాయి. వాడండి, తప్పులేదు. నేనైతే ఆస్పత్రిలో 'రోగి చెప్పినవి' అంటాను, కోర్టులో 'అధికారి నమ్మకం' అంటాను. మీ అబ్బాయి అన్నప్పుడు 'నచ్చలేదా? అయితే అదే చెప్పు' అంటాను.

ప్రశ్న: మా డిగ్రీ తెలుగు పుస్తకంలో భావకవిత్వానికి ఆత్మాశ్రయం లక్షణం అని ఉంది, మెచ్చుకుంటున్నట్టే ఉంది. మా తాతగారు సంస్కృతంలో తర్కం చదివారు. ఆయన 'ఆత్మాశ్రయం దోషం కదరా' అన్నారు. ఎవరు రైటు? (ఒక విద్యార్థి, నల్లగొండ)

జవాబు: మీ తాతగారికి నా నమస్కారం చెప్పండి. ఇద్దరూ రైటే బాబూ, వీధులు వేరు. తర్కశాస్త్రంలో ఆత్మాశ్రయం అంటే ఒకదాన్ని నిరూపించడానికి దాన్నే ఆధారంగా చూపడం. 'వంకాయ ఎందుకు గొప్పది? వంకాయ కాబట్టి' అన్నట్టు. దీని పక్కనే ఉండే దోషం అన్యోన్యాశ్రయం. దానికి మనకు మంచి సామెత ఉంది: పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు. ఆ పైన చక్రకం, అనవస్థ ఉన్నాయి, అవి మీ తాతగారి దగ్గరే కూర్చుని చెప్పించుకోండి. ఆ అవకాశం అందరికీ ఉండదు.

సాహిత్యంలోకి వచ్చేసరికి ఇంగ్లిషు మాటకు సమానమైన మాట కావాల్సి వచ్చి, విమర్శకులు ఇదే మాటను తెచ్చి పెట్టుకున్నారు. రాయప్రోలు, దేవులపల్లి కాలంలో కవి తన ప్రేమ, తన విరహం, తన దుఃఖం గురించి తానే చెప్పుకోవడం మొదలైంది. అంతకు ముందు ప్రబంధాల్లో విరహమంతా నాయికదో నాయకుడిదో. ఆ తేడా చెప్పడానికి 'ఆత్మ ఆశ్రయంగా కలది' అన్నారు. ఇందులో పొగడ్త లేదు, తెగడ్తా లేదు. అభ్యుదయ కవిత్వం వచ్చాక అదే మాటను తిట్టుగా వాడారు, వీళ్లకు లోకం పట్టదు, తమ ఏడుపే తమది అని. పరీక్షలో 'భావకవిత్వంలో నేను ఉంటుంది, అభ్యుదయ కవిత్వంలో ఉండదు' అని మాత్రం రాయకండి. అలా రాసిన పేపర్లు నేను వందల్లో దిద్దాను. శ్రీశ్రీ కవిత్వంలో 'నేను' తక్కువా? ఆ 'నేను' ఎవరి తరఫున మాట్లాడుతోంది అన్నది చూడాలి. మన అలంకారికుల్లో భట్టనాయకుడు సాధారణీకరణం అన్నాడు. రంగస్థలం మీద దుఃఖం రాముడిదా, వేషం వేసినవాడిదా, నాదా అన్న ప్రశ్న చూసేవాడికి రాకుండా పోవడం. ఆ లెక్కన మంచి ఆత్మాశ్రయ కవిత చదివాక అందులోని దుఃఖం కవి సొంత ఆస్తిగా మిగలదు.

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. పాపకి ఆరేళ్లు, ఇక్కడే పుట్టింది. 'నేను ఆకలి', 'నేను జ్వరం' అంటుంది. మా ఆయనేమో ఇంగ్లిషులో 'ఐ' సబ్జెక్టు కదా, తెలుగులోనూ 'నేను' కర్త కావాలి కదా, దానిదే లాజిక్ అని వెనకేసుకొస్తారు. ఎలా సరిదిద్దాలి? (ఒక అమ్మ, డల్లాస్)

జవాబు: ఆరేళ్ల పిల్లకి వ్యాకరణం చెప్పకండి తల్లీ. ఇది మీ ఆయన కోసం.

'నాకు ఆకలేస్తోంది' అన్నదాంట్లో వేసేది ఆకలి. నేనే కర్తనైతే 'వేస్తున్నాను' అని ఉండాలి. ఇంగ్లిషులో ఆకలి మనిషి చేసుకునే పని లాంటిదో, మనిషి ఉండే స్థితో. మనకు అది ఎక్కణ్ణించో వచ్చి మీద పడుతుంది. కోపం వస్తుంది, నిద్ర వస్తుంది, చలి వేస్తుంది, భయం వేస్తుంది. ఏదైనా గుర్తుంటే నాకు గుర్తుంటుంది, తెలిస్తే నాకు తెలుస్తుంది. పాణిని 'స్వతంత్రః కర్తా' అన్నాడు, తనంతట తాను చేసేవాడే కర్త అని. ఆకలి విషయంలో మనకు ఆ స్వతంత్రం ఏముంది? ఇంగ్లిషు సబ్జెక్టుకు మూలార్థమేమో లోబడి ఉన్నది, దాన్ని మనం కర్త అని స్వతంత్రుడితో అనువదించుకున్నాం. ఆ తిరకాసు తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

నవ్వంటే గుర్తొచ్చింది. క్లాసులో ఎవరైనా కిసుక్కుమంటే "ఎందుకు నవ్వావ్?" అని లేపేదాన్ని. 'నవ్వాను మేడమ్' అని ఒక్కరూ అనలేదు. "నవ్వొచ్చింది మేడమ్" అనేవాళ్లు. నవ్వడం నేరమే, నవ్వు దానంతటది వస్తే వాళ్లేం చేస్తారు? ఇంత తెలివైన వ్యాకరణం పిల్లలకి పుట్టుకతో వచ్చేస్తుంది, చుట్టూ మాట్లాడేవాళ్లు ఉంటే.

అయితే మీ ఆయన మాటలోనూ కొంత ఉంది. 'అన్నం చూసి నాకు ఆకలేసింది' అంటాం. చూసింది ఎవరు? ఆకలి కాదు, నేను. అంటే ఆ 'నాకు' లోపల కర్త కొంచెం దాక్కునే ఉన్నాడు. అందుకే భాషాశాస్త్రవేత్తలు దీన్ని మామూలు కర్మల్లోనూ కలపరు, మామూలు కర్తల్లోనూ కలపరు. చతుర్థీ కర్త లాంటి పేరేదో పెట్టి విడిగా చూస్తారు. తమిళం, కన్నడం, హిందీల్లోనూ ఇదే తంతు. డల్లాస్‌లో మీ పక్కింటి హిందీవాళ్ల పిల్లా బహుశా ఇదే తప్పు చేస్తూ ఉంటుంది.

పాపకి 'నాకు' అలవాటు కావాలంటే దిద్దడం కన్నా అడగడం మేలు. 'ఆకలేస్తోందా నీకు? చలేస్తోందా?' అని రోజూ అడగండి. 'నీకు' విన్న పిల్ల 'నాకు' అంటుంది. ఇంగ్లిషులో సరిసమానమైన మాట లేనివి ముందు నేర్పండి, వాటికి అనువాదం చేసుకునే వీలు ఉండదు కాబట్టి 'నేను' అడ్డు రాదు. 'బెంగ' అలాంటి మాట. ఈ ఆదివారం ఫోన్‌లో 'అమ్మమ్మా, నాకు నీ మీద బెంగగా ఉంది' అనిపించండి. ఆ తర్వాత వేసవికి మూడు టికెట్లు కొనాల్సి వస్తే నన్ను అనకండి.